ఒక్క ద్వారానికి అరవై పందేలు

ప్రశ్న: వేసవి సెలవులకు ఇంటికి వచ్చే మా చిన్నమ్మ పిల్లలిద్దరు, మా చెల్లె, నా స్నేహితుడొకడు, ఇట్లా నలుగురిని కూర్చోబెట్టి ఆడించడానికి ఓరుగల్లు కోట ముట్టడి మీద ఒక రోల్ ప్లేయింగ్ ఆట, అంటే ఒక్కొక్కరు ఒక్కో పాత్ర అయి కథ నడిపే ఆట, తయారుచేశాను. నిబంధనలన్నీ ఒకే కాగితం మీద ఉన్నాయి. పాత్రలకైనా, శత్రు సైనికులకైనా తలా 12 ప్రాణాలు. కొట్టాలంటే లూడో పాచిక మీద 4 గానీ అంతకు పైన గానీ పడాలి. తగిలితే మళ్లీ పాచిక వేసి, ఎంత పడితే అన్ని ప్రాణాలు తీసేస్తాము. మాటలతో, ఉపాయాలతో నడిచే ఘట్టాలు చక్కగా సాగాయి. ద్వారం దగ్గర ఐదుగురు సైనికులతో పెట్టిన పోరు మాత్రం గంట దాటింది. ముందుగా పడిపోయిన ఇద్దరు ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. మిగిలిన ఇద్దరి నోట “కొడుతున్న” తప్ప వేరే మాట రాలేదు. చివరికి విసుగొచ్చి, సైనికులు భయపడి పారిపోయారని చెప్పి నేనే ముగించాను. ఆయుధాలకు, కవచాలకు, నిలబడే చోటుకు నిబంధనలు చేరిస్తే పోరు రక్తి కడుతుందా? పాత్ర చనిపోతే ఆ ఆడేవారిని ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం:

కొత్త నిబంధనలు చేర్చకండి, ఉన్నవాటిలో రెండింటిని తీసేయండి. మీ పోరు విసుగు పుట్టించింది నిబంధనలు చాలక కాదు. పాచిక పడిన తరువాత కూడా ద్వారం దగ్గర ఏమీ మారని వంతులు ఎక్కువైనందువల్ల. తక్కువ నిబంధనల ఆట అంటే కాగితం మీద వాక్యాలు తక్కువగా ఉన్న ఆట అని చాలామంది అనుకుంటారు కానీ, వాక్యాలు నాలుగే ఉండి, ఆ నాలుగింటినీ గంటసేపు తిప్పి తిప్పి వాడవలసి వస్తే ఆ ఆట తేలికైనది కాదు, పొట్టిగా రాసిన బరువైన ఆట.

మీ కాగితాన్నే లెక్క కట్టి చూద్దాం. ఆరు ముఖాల పాచిక మీద 4 గానీ అంతకు పైన గానీ పడే అవకాశం సరిగ్గా సగం. తగిలిన దెబ్బకు సగటున 3.5 ప్రాణాలు పోతాయి. ఈ లెక్కన 12 ప్రాణాలున్న సైనికుడు పడిపోవడానికి సగటున 3.9 దెబ్బలు తగలాలి, సగం వృథా పోతాయి కనుక దాదాపు ఎనిమిదిసార్లు కొట్టబోవాలి. ఐదుగురికీ కలిపితే 39 సార్లు. తగిలిన ప్రతి దెబ్బకూ రెండోసారి వేసే పాచికను కూడా కలిపితే మీవాళ్లు వేయవలసినవే 60 పందేలు, సైనికుల పక్షాన మీరు వేసేవి వేరే. ఆ అరవైలో ఇరవై ఎవరికీ తగలనివి, మరో పదిహేను ఒక సైనికుడిని తొమ్మిది ప్రాణాల నుంచి ఆరుకు దించేటటువంటివి. తొమ్మిది ప్రాణాలున్న సైనికుడు చేయగలిగినవన్నీ ఆరు ప్రాణాలున్నవాడూ చేస్తాడు. అప్పుడు మీ చెల్లె “కొడుతున్న” అనక మరేమనాలి? ఆమెకు మాట దొరకక కాదు, మీ కాగితం ఆమెను అడిగే ప్రశ్నకు ఉన్న జవాబు అదొక్కటే.

ఈ ప్రాణాల లెక్క ఎక్కడిదో తెలిస్తే దాన్ని వదులుకోవడం కొంత సులువవుతుంది. ఈ కోవ ఆటలకు మూలం 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్. దానికి ముందు, 1971లో వచ్చిన చైన్‌మెయిల్ అనే యుద్ధ క్రీడలో మామూలు సైనికుడి బొమ్మకు దెబ్బ తగిలితే దాన్ని బల్ల మీది నుంచి తీసేయడమే. బొమ్మలు గుంపులుగా ఉన్నంతకాలం అది ఎవరికీ బాధ కలిగించలేదు. ఒక్కొక్కరి చేతికి ఒక్కొక్క పాత్రే వచ్చేసరికి ఒక్క పందెంతో అది పోవడం ఆడేవారికి నచ్చలేదు. ఆర్నెసన్ అప్పుడు నౌకాయుద్ధాల ఆటల్లో ఉన్న పద్ధతిని, అంటే ఓడ మునిగే ముందు ఎన్ని దెబ్బలకు తట్టుకుంటుందో లెక్కించే పద్ధతిని, మనుషులకు తెచ్చి పెట్టాడు. ఓరుగల్లు ద్వారం దగ్గర మీరు నిలబెట్టిన సైనికుడి ఒంట్లో ఉన్నది, పుట్టుకను బట్టి చూస్తే, ఇనుప ఓడ ప్రాణం. నెలల తరబడి, ఒకే పాత్రతో, గుహ తరువాత గుహ దాటుకుంటూ ఆడే ఆటకు ఆ పద్ధతి ఎంతో పనికి వచ్చింది. ఒక సాయంత్రంలో ముగియవలసిన మీ ఆటకు దాని అవసరం లేదు.

దీనికి విరుగుడుగా ఆటలు తయారుచేసేవారు పట్టిన దారుల్లో రెండింటిని మీరు తెలుసుకోవాలి. మొదటిది తగిలిందా లేదా అన్న పాచికనే తీసేయడం. 2014లో వచ్చిన ఇన్‌టు ది ఆడ్ అనే ఆటలో కొట్టబోతే తగిలినట్టే లెక్క, ఎంత గట్టిగా తగిలిందన్నదే పాచిక తేలుస్తుంది. మీ ఆటలో ఈ ఒక్క మార్పు చేసి, సైనికులకు 12 బదులు 6 ప్రాణాలు పెడితే, ఒక్కొక్కరిని పడగొట్టడానికి సగటున రెండు పందేల కంటే కాస్త ఎక్కువ పడుతుంది, ఐదుగురికీ పదకొండు పందేలు సరిపోతాయి. అయితే మీవాళ్లు కూడా అంతే వేగంగా పడిపోతారు. కాబట్టి కత్తి దూసేముందే ఆపద ఎంతటిదో వారికి స్పష్టంగా కనిపించాలి, తప్పించుకునే దారి ఉండాలి. పోరు అంటే భయపడి, ఉపాయంతో దాటిపోవాలని చూసే ఆటకు ఇది తగిన దారి.

రెండోది, ఇరుపక్షాలకూ కలిపి ఒకే పందెం వేయడం. 2010లో వచ్చిన అపోకలిప్స్ వరల్డ్ ఈ పద్ధతికి పేరు తెచ్చింది. రెండు పాచికలు కలిపి 10 గానీ అంతకు పైన గానీ పడితే అనుకున్నది జరుగుతుంది, 6 గానీ అంతకు తక్కువ గానీ పడితే కథ నడిపేవారు ఎదురుదెబ్బ తీస్తారు, 7 నుంచి 9 వరకు పడితే అనుకున్నది జరుగుతుంది కానీ దానికి వెల చెల్లించాలి. శత్రువుకు వేరే వంతు లేదు, ఆడేవారి పందెంలోనే అతని దెబ్బ కూడా ఇమిడి ఉంటుంది. పాత్రకున్న బలాన్ని అంకెగా కలపకుండా వేస్తే 36 పందేల్లో 6 పూర్తి గెలుపులు, 15 వెలతో కూడిన గెలుపులు, 15 ఎదురుదెబ్బలు. గమనించండి, పందెం ఎటు పడినా ద్వారం దగ్గర పరిస్థితి మునుపటిలా ఉండదు.

మీరు చెప్పిన నలుగురిని దృష్టిలో పెట్టుకుంటే నేను రెండోదాన్నే ఎంచుకుంటాను, ఎందుకంటే మాటలతో నడిచే ఘట్టాలు వారికి బాగా వచ్చాయని మీరే రాశారు. లూడో పాచికను మాత్రం పక్కన పెట్టి, ఇంట్లో అష్టాచెమ్మ ఆడే గవ్వలుంటే అవి తీసుకోండి. ఇది మన ఊరి ముచ్చట కదా అన్న మురిపెంతో చెబుతున్నది కాదు, గవ్వల లెక్క మీ అవసరానికి సరిగ్గా అతుకుతుంది. నాలుగు గవ్వలు వేసినప్పుడు ఎన్ని వెల్లకిలా పడ్డాయో చూడండి. ఒకటి పడినా, ఒక్కటీ పడకపోయినా ఎదురుదెబ్బ, రెండు పడితే వెలతో గెలుపు, మూడు లేదా నాలుగు పడితే పూర్తి గెలుపు. గవ్వ ఎటైనా సమానంగా పడుతుందనుకుంటే 16 పందేల్లో ఈ మూడింటి వాటాలు 5, 6, 5. నిజానికి గవ్వ నాణెం వంటిది కాదు. నోరున్న పక్క చదునుగానూ వీపు గుండ్రంగానూ ఉంటాయి, కొన్ని ఒకవైపుకే మొగ్గుతాయి. ఒక మధ్యాహ్నం కూర్చుని మీ నాలుగు గవ్వలను వందసార్లు వేసి రాసుకోండి. ఏదైనా గవ్వ మరీ ఒకేవైపు పడుతుంటే దాన్ని మార్చండి.

అసలు లాభం ఇంకోటి ఉంది. చేతిలో ఉన్న గవ్వలే ప్రాణాలు కావచ్చు. ప్రతి ఒక్కరూ నాలుగు గవ్వలతో మొదలుపెడతారు, గాయమైనప్పుడల్లా ఒకటి తీసి మధ్యలో పెడతారు. మూడు గవ్వలతో వేసేవారికి పూర్తి గెలుపు ఎనిమిదింట ఒకసారే వస్తుంది, ఎదురుదెబ్బ సగం సార్లు తగులుతుంది. రెండే మిగిలితే పూర్తి గెలుపు అసాధ్యం, వెలతో గెలుపు కూడా నాలుగింట ఒకసారే. ఒక్క గవ్వకు దిగినవారు పడిపోయినట్టు లెక్క. కాగితం మీద అంకెలు కొట్టేసి రాసే పని ఉండదు, గాయం ఎంతటిదో పిడికిలి బిగించినప్పుడే తెలిసిపోతుంది.

ఇందులో ఒక లోపం ఉంది. గాయపడినవాడి చేతిలో గవ్వలు తగ్గుతాయి కనుక అతనికి మళ్లీ గాయమయ్యే అవకాశం పెరుగుతుంది, పెరిగి పెరిగి ఆ గుంటలోంచి అతను పైకి రాలేడు. దీన్ని సరిదిద్దే నిబంధనే మీ రెండో ఇబ్బందికి కూడా మందు. మధ్యలో కుప్పపడిన గవ్వలు ఊరికే పడి ఉండకూడదు. పడిపోయిన పాత్ర గల ఆడేవారు చుట్టుకు ఒకసారి ఆ కుప్పలోంచి ఒక గవ్వను తోటివారి చేతిలో పెట్టవచ్చు, అయితే ఆ సాయం ఎలా అందిందో ఒక మాటలో చెప్పాలి: నేల మీది నుంచి శత్రువు కాలు పట్టుకున్నానని గానీ, ఎడమవైపు చూడమని అరిచానని గానీ. ఆ పందెం అయిపోగానే గవ్వ కుప్పలోకి తిరిగి వస్తుంది. నాలుగు గవ్వలకు ఐదోది తోడైతే పూర్తి గెలుపు సగానికి సగం సార్లు వస్తుంది, ఎదురుదెబ్బ అయిదింట ఒకటికంటే తగ్గుతుంది. ఫోన్ తీసిన ఆ ఇద్దరి కోసం ఇక మిగిలినవారు చేయి చాస్తారు.

నేను ఈ గవ్వల పద్ధతిని మా ఇంట్లో వాడినప్పుడు ఒక తమాషా జరిగింది. నాలుగూ బోర్లా పడినప్పుడల్లా పిల్లలు, ఓడిపోయామన్న సంగతే మరచి, “అష్ట!” అని కేకలు పెట్టారు. అష్టాచెమ్మలో అది ఎనిమిది, పైగా మళ్లీ ఆడే వంతు. చిన్ననాటి నుంచి ఉన్న అలవాటును కాగితంతో గెలవలేమని గ్రహించి, అన్నీ బోర్లా పడితే ఎదురుదెబ్బతో పాటు ఎవరూ ఊహించనిది ఒకటి ఇరుపక్షాలకూ జరగాలని నిబంధన మార్చాను: గోడ రాయి జారడం, ఏనుగు బెదరడం వంటివి. పదహారింట ఒకసారి వచ్చే ఆ పందెం కోసం ఇప్పుడు అందరూ ఎదురుచూస్తారు.

ఇక సైనికుల సంగతి. వారికి ప్రాణాలు వద్దు, పాచికలూ వద్దు. పోరు మొదలుపెట్టే ముందు అది దేనికోసమో కాగితం మీద రాయండి. “ఐదుగురినీ చంపడం” అన్నది లక్ష్యం కాదు, వేరే లక్ష్యం తోచనప్పుడు మనం రాసుకునేది. గింజల బండి లోపలికి వచ్చేవరకు ద్వారం నిలపడం లక్ష్యమనుకోండి. మీవాళ్ల పక్షాన నాలుగు సున్నాలు, శత్రువు పక్షాన నాలుగు సున్నాలు గీయండి. గెలుపు వస్తే, వెలతో అయినా సరే, మీవాళ్ల సున్నా ఒకటి నింపండి, ఎదురుదెబ్బ తగిలితే శత్రువుది నింపండి. ఎవరి నాలుగు ముందు నిండితే పోరు అక్కడితో సరి. ఎంత లాగినా ఏడో పందెం తరువాత ఈ పోరు మిగలదు. గాయాల ప్రభావాన్ని పక్కన పెడితే ఏడింట ఆరుసార్లు మీవాళ్లే గెలుస్తారు, ముట్టడిలో ఉన్నవారికి ఇది మరీ తేలిక అనిపిస్తే శత్రువుకు మూడు సున్నాలే ఇవ్వండి, అప్పుడు గెలుపు నూటికి 72కు దిగుతుంది. ఆటను కఠినం చేయడానికి ఒక సున్నా చెరిపితే చాలు.

సైనికులు పారిపోయారని చెప్పి ముగించినందుకు మీరు తప్పుచేసినట్టు రాశారు. ఆ సాయంత్రం మీరు చేసిన పనుల్లో మేలైనది అదే. సైన్యాలు ఆఖరి మనిషి వరకు కొట్లాడి ఓడిపోవడం అరుదు. మీరు ఆటకు ఎంచుకున్న ముట్టడి చరిత్రే చూడండి. 1323లో కోట పడిపోవడానికి ముందు, ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ అంతకు మునుపు పెట్టిన ముట్టడి గోడల దగ్గర ఓడిపోలేదు. ఢిల్లీలో సుల్తాను చనిపోయాడన్న వదంతి పుట్టి, సేనానుల్లో కలవరం రేగి, సైన్యం చెదిరి దేవగిరికి వెనుదిరిగింది. ఒక అబద్ధపు వార్త చేయగలిగిన పనిని మీ ఆటలో అరవై పందేలు చేయలేకపోయాయి. కనుక ఎవరైనా ద్వారం మీది నుంచి ఒక పుకారు కేకవేస్తానంటే, దానికీ గవ్వలు వేయించండి, గెలిస్తే కత్తి దెబ్బతో సమానంగా సున్నా నింపండి.

నిలబడే చోటు గురించి అడిగారు. అడుగులు, గడులు కొలిచే పని పెట్టుకోకండి, మూడు చోట్లు చాలు. రాతికోట ద్వారంలోంచి బండి మీద వెళ్లినవారికి తెలుసు, దారి నేరుగా లోపలికి పోదు, గోడల మధ్య మలుపు తిరుగుతుంది. బయటి నుంచి ఉరుకుతూ వచ్చేవాడి వేగం ఆ మలుపులో విరిగిపోతుంది. ద్వారం ముందు, మలుపులో, గోడ మీద అని మూడు కాగితం ముక్కలు పరచి, పాత్రలకు బదులు చింతగింజలు పెట్టండి. ఒక చోటి నుంచి పక్క చోటికి పోవడానికి పందెం అక్కరలేదు, ఎవరైనా అడ్డుపడితే తప్ప.

ఉదాహరణకు, కమ్మరి సోమక్క అనే పాత్ర మలుపులో ఉంది, విలుకాడు పోచయ్య ఇంకా ద్వారం ముందే ఉన్నాడు, బండి సగం లోపలికి వచ్చింది. సోమక్క తరఫున ఆడేది మీ చెల్లె అనుకుందాం. “అడ్డుదూలం వేసేస్తా” అంటుంది. నాలుగు గవ్వలు వేస్తుంది, రెండు వెల్లకిలా పడతాయి. దూలం పడుతుంది, మీవాళ్ల సున్నా ఒకటి నిండుతుంది. ఇప్పుడు మీరు వెల చెప్పాలి, రెండు చూపించి ఎంచుకోమనడం మంచిది: “దూలం కింద నీ చేయి నలిగి ఒక గవ్వ పోతుంది, లేదా చేయి దక్కుతుంది కానీ పోచయ్య బయటే ఉండిపోతాడు.” ఆమె మీ చిన్నమ్మ కొడుకు ముఖం వైపు చూస్తుంది, ఎందుకంటే పోచయ్య అతనివాడు. ఆ చూపు కోసమే పోరు పెట్టుకునేది. మీ పాత పద్ధతిలో ఈ వంతు “తగిలింది, మూడు” అన్న మాటతో అయిపోయేది.

ఈ వెలలే మీకు కష్టమనిపించే భాగం, అప్పటికప్పుడు తోచక ప్రతిసారీ గాయమే చెబుతారు. అందుకని ఆటకు ముందే ప్రతి పోరుకూ నాలుగైదు వెలలు చీటీ మీద రాసి దగ్గర పెట్టుకోండి: చేతిలోని వస్తువు విరగడం, నిలబడ్డ చోటు పోవడం, తోడున్నవారు ఆపదలో పడటం, చప్పుడుకు మరికొందరు రావడం. వాడినదాన్ని కొట్టేయండి, ఒకే పోరులో రెండోసారి వాడకండి.

ఆయుధాల పట్టిక జోలికి పోవద్దు. నేను మొదట రాసిన ఆటలో అది ఒక్కటే రెండు పేజీలుండేది, ఈటెకు ఒక అంకె, బల్లేనికి ఇంకో అంకె. ఒక సాయంత్రమంతా ఆడిన తరువాత మా అన్న కూతురు, “కాకా, ఈటెకు, బల్లేనికి తేడా ఏందో నువ్వే చెప్పు” అన్నది. చెప్పలేకపోయాను. ఇప్పుడు నాకున్న నిబంధన ఒక్కటే: ఆ చోటుకు ఆ ఆయుధం తగినదైతే ఒక గవ్వ అదనం. ఇరుకు మలుపులో పొడిచే బల్లేనికి ఉంటుంది, విల్లుకు ఉండదు, గోడ మీద ఆ లెక్క తిరగబడుతుంది. కవచం ఒక పోరులో మొదటి గాయాన్ని ఆపి పాడవుతుంది. ఎవరి వంతు ముందన్నదానికి కూడా పందెం వద్దు, ఎక్కువ ఆపదలో ఉన్నవారితో మొదలుపెట్టి కుడివైపుగా తిరగండి.

నలుగురినీ పిలిచే ముందు ఇదే ద్వారం పోరును మీరు ఒక్కరే, నాలుగు పాత్రలూ మీరే అయి, మూడుసార్లు ఆడి చూడండి. పందెం వేసిన ప్రతిసారీ ఆ తరువాత మారినది ఏమిటో ఒక మాట రాయండి. రాయడానికి ఏమీ తోచని పందెం ఎక్కడ వచ్చిందో అక్కడ మీ నిబంధనలో ఇంకా కోయవలసింది ఉన్నట్టు.

పాత్ర చావు గురించి చివర అడిగారు. దాన్ని గవ్వలకు వదిలిపెట్టకండి. ఒక్క గవ్వకు దిగిన పాత్ర గతి ఏమిటో ఆడేవారినే అడగండి. శత్రువుకు బందీ కావచ్చు, గాయంతో పడి ఉండి తోటివారికి గవ్వలు అందించవచ్చు. చనిపోవడమే ఎంచుకుంటే, చనిపోయే ముందు చేసిన ఒక పనిని వారే చెబుతారు, దానికి పందెం లేకుండా మీవాళ్ల సున్నా ఒకటి నింపండి, చేతిలో మిగిలిన ఆ గవ్వను వారికి నచ్చినవారి పిడికిట్లో పెట్టనివ్వండి. ఆ గవ్వ ఆట ముగిసేదాకా వారి దగ్గరే ఉంటుంది. తరువాతి ఘట్టంలో గింజల బండి తోలుకొచ్చినవాడి పాత్ర ఖాళీగానే ఉంటుంది కనుక, చనిపోయిన పాత్ర తాలూకు ఆడేవారికి దాన్ని ఇచ్చేయవచ్చు.